గోడ కింది రెల్లు

హమ్రో కోటు విప్పి షరోఫత్ చేతికిచ్చి, పెరట్లో బోర్లా పడుకుని, గోడ అడుగునున్న గాలిరంధ్రంలో తల దూర్చాడు. తల పట్టింది, భుజాలు పట్టలేదు. కాసేపు అలాగే పెనుగులాడి, జుట్టునిండా సాలెగూడుతో లేచి కూర్చున్నాడు.

"లోపల రెండు జానల ఎత్తు కూడా లేదు వదినా, వెలుతురుకి నా తలే అడ్డం. మా ఉస్తో ఇందులో ఎలా దూరారో ఆ దేవుడికే ఎరుక."

"ఒక గది నేల పలకలు తీసి, పైనుంచి దిగారు. మిగతా గదుల కింద నెలరోజులు పొట్ట మీద పాక్కుంటూ చేశారు," అంది షరోఫత్. "రాత్రి భోజనానికి పైకొస్తే మోచేతులు రెండూ చెక్కుకుపోయి ఉండేవి."

ఆ మాట అంటూ వసారా వైపు చూసింది. అక్కడ పరుపు మీద, వీపు వెనక మూడు దిళ్ళు పెట్టించుకుని, ఆమె భర్త నజ్రుల్లో కూర్చుని ఉన్నాడు. బుఖారా పాతపట్నంలో ఉస్తో నజ్రుల్లో అంటే తెలియని మేస్త్రీ లేడు. ఉస్తో అంటే అక్కడ పనిలో ఆరితేరిన గురువు. రెండేళ్ళ కింద పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. ఒక్క మాట మాత్రం మిగిలింది. "ఖూబ్." సరే అనడానికి వాళ్ళు వాడే మాట. ఆకలేసినా ఖూబ్, నొప్పేసినా ఖూబ్, కోపమొచ్చినా ఖూబ్. ఏ ఖూబ్‌కి ఏ అర్థమో తనకి తెలుసునని షరోఫత్ నమ్మకం.

హమ్రో నగరపాలక కార్యాలయంలో ఇంజనీరు. పాత ఇళ్ళలో ఏది నిలబడుతుందో ఏది పడగొట్టాలో కాగితం మీద రాసేది అతనే. మూడువారాల కింద పక్కింటి ఆయ్నిసో వాళ్ళ గది గోడ కూలి, లోపల పడుకున్న ఆమె అత్తగారి తుంటి విరిగింది. ఆ గోడ ఈ ఇంటి గోడకి కొనసాగింపు. ఈ సందులో ఏ ఇంటి గోడా ఆ ఇంటిది మాత్రమే కాదు. అందుకే వారం తిరక్కుండా రెండిళ్ళ తలుపుల మీదా ఎర్రరంగుతో గీత పడింది. గీత పడ్డ ఇంటివాళ్ళు పెట్టేబేడా సర్దుకుని ఊరి చివర నాలుగో అంతస్తు ఫ్లాటుకి పోవాలి.

"నేను కళ్ళు మూసుకుని రాయలేను వదినా," అన్నాడు హమ్రో, గడ్డం దులుపుకుంటూ. "ఉస్తో చేతిపని మీద నాకు అనుమానం లేదు. ఏటా కుర్రాళ్ళని తీసుకొచ్చి ఆయన కట్టిన గోడలే చూపించేవాణ్ణి. కానీ కాగితానికి కన్ను కావాలి. పక్కగోడ కూలాక ఇప్పుడు నేల పలకలు పీకడం ప్రమాదం. కింద రెల్లు వరస పొడిగా ఉందని నాకు ఎలాగైనా చూపించండి. గురువారం వస్తాను. ఉంటే, నా చేతుల్తో ఆ ఎర్రగీత తుడిచేస్తాను."

రెల్లు వరస అంటే ఆ ఊళ్ళో ఇంటికి ప్రాణం. అక్కడి నేలలో చౌడు. ఏటా వసంతానికి ముందు చుట్టుపక్కల పత్తిచేలని నీళ్ళు పెట్టి కడుగుతారు. ఆ నీరంతా భూమిలోంచి వచ్చి ఊరి కింద చేరుతుంది. ఇటుక పునాది ఆ ఉప్పునీటిని దీపం వత్తిలా పైకి పీలుస్తుంది. అందుకని పునాదికీ మట్టిగోడకీ మధ్య నాలుగువేళ్ళ మందాన రెల్లు పరుస్తారు. ఎక్కొచ్చిన తడి అక్కడ ఆగి, గాలికి ఆరిపోతుంది. యాభై అరవై ఏళ్ళకోసారి పాత రెల్లు తీసి కొత్తది పెట్టాలి. ఆ పని తెలిసినవాళ్ళు ఊరి మొత్తానికి ముగ్గురో నలుగురో. మిగతావాళ్ళంతా ఎప్పుడో సిమెంటుకి దిగిపోయారు. "సిమెంటు పోసినవాడు ఇల్లు బాగుచెయ్యలేదు, ఉప్పుకి నిచ్చెన వేశాడు," అని నజ్రుల్లో టీకొట్టు దగ్గర అందరి ముందూ వెక్కిరించేవాడు. మొహం మీదే అనేవాడు. దాంతో కొందరు మేస్త్రీలు అతనితో మాట్లాడటం మానేశారు.

పదకొండేళ్ళ కింద అతను తన ఇంటి కింద తనే రెల్లు మార్చాడు. ఆ రెల్లే ఇప్పుడు ఇంటిని కాపాడాలి.

*

తర్వాతి నాలుగురోజులూ షరోఫత్ ఇంటికింద చూసే కన్ను కోసం తిరిగింది.

మొదట ఫోన్‌ని పొడుగాటి కర్రకి కట్టి లోపలికి తోసింది. వీడియోలో కర్ర, దుమ్ము, మళ్ళీ కర్ర. రెండోసారి ఫోనే ఊడి లోపల పడిపోయింది. తందూరులోంచి రొట్టెలు తీసే కొక్కెంతో దాన్ని లాగేసరికి మధ్యాహ్నమైంది. తర్వాత మురుగుకాలవల ఆఫీసుకి వెళ్ళి, గొట్టాల్లోకి పంపే కెమెరా ఉందంటే బతిమాలి మనిషిని తెచ్చుకుంది. అది పాములాంటి తీగ. గొట్టం ఉంటే దాని వెంట పోతుంది. విశాలంగా ఉన్నచోట తల వాల్చేసి నేలనే చూస్తూ కూర్చుంది. "ఇది మురికిలోనే బతకడానికి పుట్టింది చెల్లెమ్మా, మీ ఇంట్లో పరిశుభ్రం ఎక్కువైంది," అని ఆ మనిషి నవ్వి, తీగ చుట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆయ్నిసో గోడ పడినచోట కట్టిన నీలం పట్టా పక్కకి తీసి తొంగిచూసింది.

"దొరకలేదా ఆపా?" అంది, అక్కా అని పిలిచినట్టు.

"లేదు."

"మా పిల్లి మెడకి ఫోన్ కట్టి పంపిద్దామా? ఎలకలకోసం అటే తిరుగుతుంది."

"పంపు. గురువారం హమ్రోకి ఎలకల వీడియో చూపిద్దాం. ఆ ఇల్లు ఎలకలది, ఖాళీ చేయించకండి అని రాస్తాడు."

ఆయ్నిసో నవ్వింది గానీ ఆ నవ్వు మొహమంతా పాకలేదు. ముప్ఫయ్యారేళ్ళ మనిషి, చేతులు మాత్రం అరవయ్యేళ్ళవి. ఆరేళ్ళ కిందటిదాకా ఆమె చిన్నచిన్న అతిథిగృహాల దుప్పట్లు తెచ్చుకుని ఇంట్లోనే ఉతికేది. ఆ గోడ పక్కనే తొట్టి, ఆ గోడ పక్కనే సబ్బునీళ్ళ కాలవ. గోడకి చౌడు పట్టి, తెల్లగా పొంగి, సున్నం పెచ్చులుగా రాలడం మొదలైనప్పుడు షరోఫత్ సందులో నలుగురి ముందూ ఆమెని నిలబెట్టి కడిగేసింది. "మా ఆయన చేతులు చెక్కుకుపోయేలా రెల్లు పరిచిన గోడ అది. నీ మురికినీళ్ళు దాన్ని తినేస్తున్నాయి. నువ్వు పోసే ప్రతి తొట్టీ నా ఇంటి మీద పోస్తున్నావు." ఆయ్నిసో ఆ నిందని నెత్తిన వేసుకుంది. ఆ వారమే తొట్టి బోర్లించి, ఇంటిపని వదిలేసి, పెద్ద హోటల్లో ఉతుకుడు పనికి చేరింది. పొద్దున్నే చంటిపిల్లని అత్త దగ్గర వదిలి వెళ్ళడం, చీకటిపడ్డాక రావడం. ఇంటి బట్టలు మూటకట్టి సందు చివర కుళాయి దగ్గరికి మోసుకెళ్ళేది, గడ్డకట్టే చలిలో కూడా. ఆరేళ్ళు. అయినా గోడ పడింది. పడిన రోజునుంచి మంచమ్మీది అత్తగారు, "నీ సబ్బునీళ్ళే నన్ను పాతిపెట్టబోయాయే," అని పూటకోసారి అంటూనే ఉంది.

"నా నీళ్ళవల్లే కదా ఆపా ఇదంతా," అంది ఆయ్నిసో. "నేనే వెతికి పెడతాను, ఉండండి."

వెతికిపెట్టింది కూడా. మంగళవారం సాయంత్రం పనినుంచి పరుగులాంటి నడకతో వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా వసారా మెట్టు దగ్గర నిలబడింది.

"దొరికింది! మా హోటల్లో గాలిగొట్టాలు శుభ్రం చెయ్యడానికి తాష్కెంట్ నుంచి కొరియా ఆయన వచ్చాడు ఆపా. లిగాయ్ అని. ఒక చిన్న బండి ఉంది, రొట్టెంత. దానికి ముందు కన్నుంది, దీపాలున్నాయి, ట్యాంకుకున్నట్టు గొలుసుచక్రాలు. చేతిలో మీట తిప్పితే గొట్టంలోకి అదే పాక్కుంటూ పోతుంది. నాలుగో అంతస్తులోంచి చచ్చిన పావురాన్ని తోసుకొచ్చింది, నా కళ్ళారా చూశాను."

"వస్తాడా?"

"రేపు మధ్యాహ్నం బండెక్కేస్తాడట. పొద్దున్న గంటసేపు వస్తానన్నాడు. డబ్బులొద్దట. బుఖారాలో ఇన్నిసార్లు వచ్చినా ఎవరింట్లోనూ ఓష్ పులావు తినలేదట, పెడతావా అన్నాడు. ఉస్తో ఇల్లు, రాగిబానలో వండుతారు అని చెప్పేశాను. వండుతారుగా?"

షరోఫత్ ఆమె రెండుచేతులూ పట్టుకుంది. బ్లీచింగుకి పగిలిన ఆ అరచేతులు గరుకుగా తగిలాయి. ఆరేళ్ళ కిందటి మాటలు గుర్తొచ్చి మనసు కాస్త ముడుచుకుంది గానీ, అన్నది నిజమే కదా అనుకుంది.

లోపలికి వెళ్ళి భర్త పక్కన కూర్చుంది. "మునిసా నాన్నా, దొరికింది. ఇంటికింద పాకే బండి. మీ రెల్లు రేపు అందరూ చూస్తారు."

నజ్రుల్లో ఎడమచెయ్యి చాచి ఆమె చొక్కాచెయ్యి పట్టుకున్నాడు. "ఖూబ్," అన్నాడు. వదల్లేదు. "ఖూబ్, ఖూబ్, ఖూబ్." కళ్ళలోంచి నీళ్ళు కారి గడ్డంలోకి దిగాయి. షరోఫత్ తన తలగుడ్డ కొసతో తుడిచింది.

"నాకూ అంతే సంతోషంగా ఉంది," అంది.

ఆ పూట అతను సూపు తాగలేదు. చెంచా దగ్గరికి తెస్తే పళ్ళు బిగించాడు.

*

లిగాయ్ పొట్టిగా, బొద్దుగా, యాభై దాటిన మనిషి. పెరట్లోకి అడుగుపెడుతూనే బాన వైపు ముక్కు ఎగబీల్చి, "నేను సరైన ఇంటికే వచ్చాను," అన్నాడు. పెట్టెలోంచి రోబోని రెండుచేతుల్తో, పసిపిల్లని తీసినట్టు తీశాడు. "దీని పేరు మాషా. మా ఆవిడకంటే చెప్పినమాట వింటుంది. ఎక్కడ వదిలితే అక్కడ తిట్టకుండా ఉంటుంది."

"మీ ఆవిడ విన్నదా ఈ మాట?" అంది ఆయ్నిసో.

"విన్నది కాబట్టే ఏడాదికి తొమ్మిదినెలలు ఊళ్ళు తిరుగుతున్నాను."

రోబో వెనక పొడుగాటి తీగ తోకలా ఉంది. గాలిరంధ్రం దగ్గర గొంతుక్కూర్చుని ఆ తీగని కొద్దికొద్దిగా వదిలేపని ఆయ్నిసోది. మార్చి ఎండ తెరమీద పడి ఏమీ కనబడటం లేదు. అందుకని లిగాయ్ తన నల్లకోటుని తెరపెట్టె మీద గుడారంలా కప్పి, తనూ షరోఫతూ తలలు అందులో దూర్చారు. వసారాలోంచి నజ్రుల్లో చూస్తూనే ఉన్నాడు. ఉతికి ఇస్త్రీచేసిన టోపీ పెట్టింది షరోఫత్ పొద్దున్నే. పనిచూడటానికి మనుషులొచ్చేరోజున అతను అలాంటి టోపీయే పెట్టుకునేవాడు.

దీపాలు వెలిగాయి. తెరమీద దుమ్ము, ఒక చెప్పు, ఎప్పుడో జారిపడిన పిల్లల గవ్వ, కూతురు మునిసా చిన్నప్పుడు పోయిందని ఏడ్చిన దువ్వెన. రోబో మెల్లగా తల తిప్పింది. ఇటుక పునాది. దానిమీద, బంగారురంగులో, పొడిగా, వరసగా కోసి పేర్చిన రెల్లు కొసలు.

"ఉంది!" అని అరిచింది షరోఫత్. కోటు లోపల ఆ అరుపు ఆమె చెవులకే గట్టిగా తగిలింది. "ఉంది, రెల్లు ఉంది! ఎలా ఉందో చూడండి, నిన్న కోసినట్టుంది!"

బయట ఆయ్నిసో ఏడుస్తూ నవ్వుతోంది. "ఉస్తో బాబాయ్! ఉందట! మీ రెల్లు ఉందట!"



"ఇంకా లోపలికి పోనా?" అన్నాడు లిగాయ్.

"పోనివ్వండి. పక్కింటి గోడదాకా మొత్తం పోనివ్వండి. హమ్రో అంతా చూడాలి."

గొలుసుచక్రాలు కదిలాయి. గాలిరంధ్రం వెలుతురు పడినంతమేరా రెల్లు. దాన్ని దాటగానే బంగారురంగు ఆగిపోయింది. అక్కడినుంచి బూడిదరంగు. షరోఫత్ మొదట అది నీడ అనుకుంది. రోబో దగ్గరికి పోయి దీపం ఎత్తింది. నున్నటి బూడిదరంగు పట్టీ, పునాదికీ గోడకీ మధ్య నాలుగువేళ్ళ మందాన, ఎక్కడా తెగకుండా చీకట్లోకి సాగిపోతోంది.

"ఇదేంటి ఆపా, సిమెం..."

షరోఫత్ అతని మోచెయ్యి గట్టిగా నొక్కింది. లిగాయ్ ఆగిపోయాడు. ఇద్దరి ఊపిరీ కోటు కింద వేడిగా తిరుగుతోంది.

రోబోని వెనక్కి తిప్పమని చేత్తో సైగ చేసింది. ఆ బంగారురంగు కొసలు వెనకనుంచి చూస్తే రెండువేళ్ళ పొడుగు కూడా లేవు. పచ్చి సిమెంటులో ముక్కలు గుచ్చిపెట్టారు. గాలిరంధ్రంలోంచి ఎవరైనా తొంగిచూస్తే ఎంతమేర కనబడుతుందో అంతమేరే. మళ్ళీ ముందుకి. పట్టీ పొడవునా నాలుగు గీతలు పక్కపక్కనే పోతున్నాయి. తాపీ తిప్పడానికి చోటులేక చేత్తోనే నునుపు చేసిన గుర్తులు. నాలుగోగీత మిగతావాటికంటే లోతు. నజ్రుల్లో చిటికెనవేలు చిన్నప్పుడే విరిగి వంకరగా అతికింది. ఇంకాస్త లోపల, సిమెంటులో సగం మునిగి, చిన్న ఇసిరిఖ్ కట్ట ఉంది. దిష్టికి పొగవేసే ఆ ఎండు మొక్కని నజ్రుల్లో తను కట్టే ప్రతి గోడ అడుగునా రెల్లులో దాచేవాడు. ఇక్కడ దాచడానికి రెల్లు లేదు.

కోటు కింద తన మొహం భర్తకి కనబడకపోయినా తలగుడ్డ ముందుకి లాక్కుంది షరోఫత్.

పట్టీ పైన మట్టిగోడ అంతా తెల్లటి చౌడు. గడ్డంలా వేలాడుతోంది. ముందుకి పోయేకొద్దీ గోడలోని మట్టి ఇటుకలు పిండిపిండిగా రాలి కుప్పలు పడి ఉన్నాయి. చివర, రెండిళ్ళ గోడ కలిసేచోట, ఇటుకే లేదు. అక్కడ ఒక నీలం వెలుతురు కనబడింది. ఎండ పడ్డ నీలం పట్టా. ఆయ్నిసో గది.

ఉప్పుకి నిచ్చెన నజ్రుల్లో ఇక్కడినుంచే వేశాడు.

"ఏం కనబడుతోంది ఆపా? ఇంకా రెల్లేనా?" అంది ఆయ్నిసో బయటనుంచి.

"చీకటి," అంది షరోఫత్. "చాలు, లాగెయ్యమ్మా."

*

లిగాయ్ ఓష్ తిన్నాడు గానీ పొద్దుటి ఉబలాటం లేదు. ఆయ్నిసో పనికి ఆలస్యమవుతుందని గిన్నెలో పెట్టించుకుని అప్పటికే వెళ్ళిపోయింది. చెయ్యి కడుక్కున్నాక అతను గోరంత పెన్‌డ్రైవ్ ఒకటి పళ్ళెం పక్కన పెట్టాడు.

"ఇందులో రెండు పెట్టాను ఆపా. ఒకటి మూడు నిమిషాలది, రెల్లు దగ్గర ఆగిపోతుంది. రెండోది మొత్తం. ఏది చూపిస్తారో మీ ఇష్టం. నేను గాలిగొట్టాల మనిషిని. గోడల సంగతి నాకు తెలియదు, ఎవరడిగినా తెలియదు."

ఒక అడుగు వేసి ఆగి, వసారా వైపు తిరిగి, ఛాతీమీద చెయ్యి పెట్టుకుని వంగాడు. నజ్రుల్లో కళ్ళు దించుకున్నాడు.

తలుపు మూసి వచ్చి షరోఫత్ భర్త ఎదురుగా కూర్చుంది. చాలాసేపు టీపాత్ర మూత తీస్తూ పెడుతూ ఉండిపోయింది.

"ఎందుకు చెప్పలేదు?"

"ఖూబ్," అన్నాడతను. గొంతు బయటికి రాలేదు, పెదాలు మాత్రం కదిలాయి.

"ఊరందరినీ వెక్కిరించారే. టీకొట్టు దగ్గర..."

"ఖూబ్."

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి. గుర్తురావడం కాదు, ఎప్పుడూ మరిచిపోనిదాన్ని ఇప్పుడు ఇటువైపునుంచి చూసింది. మునిసా పెళ్ళి కుదిరిన సంవత్సరం. సెప్టెంబరు. గది నేల పలకలన్నీ పీకేసి ఉన్నాయి, గదంతా నోరు తెరుచుకున్న గొయ్యి. మగపెళ్ళివారు పెళ్ళి ఖాయంచేసుకుని రొట్టె విరిచే వేడుకకి వచ్చే శుక్రవారం వస్తామని కబురు పెట్టారు. ఆమె గొయ్యి అంచున నిలబడి కిందికి అరిచింది. కింద చీకట్లోంచి భర్త గొంతు మాత్రం వినిపించింది.

"రెల్లు ఇప్పుడు పచ్చిది. మంచు పడ్డాకే కొయ్యాలి, అప్పుడే రసం దిగిపోతుంది. పచ్చిరెల్లు పెడితే రెండేళ్ళలో కుళ్ళుతుంది. జనవరిదాకా ఆగమను."

"జనవరిదాకానా? పిల్లనివ్వడానికి ఇంట్లో నేల కూడా లేదు అనుకుంటారు. ఏదో ఒకటి పెట్టి మూసెయ్యండి. కిందకి దూరి చూసేదెవరు?"

కింద తాపీ పడేసిన చప్పుడైంది. తర్వాత, "ఖూబ్," అని వినిపించింది.

శుక్రవారానికి పలకలు పడ్డాయి. మైనం పట్టించిన ఆ నేలని వియ్యపురాలు మెచ్చుకుంది. ఎక్కడో పాత రెల్లు దొరికిందన్నాడు నజ్రుల్లో. షరోఫత్ ఇంకేమీ అడగలేదు. కిందకి దూరి చూసేదెవరు అన్నది ఆమే. చూసేవాళ్ళకోసం నాలుగు రోజులూ తిరిగి, బతిమాలి, ఓష్ వండి మరీ పిలిచింది కూడా ఆమే. నిన్న సాయంత్రం అతను చొక్కాచెయ్యి పట్టుకుని వద్దు వద్దు వద్దు అని చెబుతుంటే, సంతోషం అనుకుని కళ్ళు తుడిచింది.

పెన్‌డ్రైవ్ గుప్పిట్లో పట్టుకుని పెరట్లోకి వచ్చింది. పట్టా సందులోంచి ఆయ్నిసో గది కనబడుతోంది. కూలిన ఇటుకల్లో బాగున్నవన్నీ ఏరి గోడ వారగా పేర్చుకున్నారు. మళ్ళీ అదే పునాదిమీద కట్టుకుందామని. కొలతకి మేకులు పాతి దారం కూడా కట్టారు. దారానికి ఇవతల, కొత్త గోడకి ఆనేలా, ఇద్దరు పిల్లల పరుపులు చుట్టిపెట్టి ఉన్నాయి.

మూడు నిమిషాలు చాలు. ఎర్రగీత పోతుంది. ఉస్తో పేరు నిలుస్తుంది. ఆ దారం మీద గోడ లేస్తుంది, ఆ పరుపుల పక్కన.

*

గురువారం హమ్రో వచ్చి, కంప్యూటరు ఒళ్ళో పెట్టుకుని, షరోఫత్ ఇచ్చిన పెన్‌డ్రైవ్ గుచ్చాడు.

"రెండున్నాయి, ఏది వదినా?"

"పొడుగుది."

రెల్లు కనబడగానే నవ్వి తొడ చరుచుకున్నాడు. "నేను చెప్పలా?" తర్వాత నవ్వు ఉన్నచోటే ఉండిపోయింది, కళ్ళు మాత్రం మారిపోయాయి. చివరిదాకా చూశాడు. నీలం వెలుతురు దగ్గర ఆపి, వెనక్కి జరిపి, వేళ్ళగుర్తుల దగ్గర మళ్ళీ ఆపాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"వదినా, ఇది తర్వాత ఎవరైనా... ఉస్తోకి తెలియకుండా ఎవరో కూలివాళ్ళు..."

"ఆ వేళ్ళు నీకూ తెలుసు."

హమ్రో కంప్యూటరు మూశాడు. తర్వాత కాగితం మీద రాశాడు. రెండిళ్ళూ నివాసానికి పనికిరావు. కారణం అని ఉన్నచోట కలం ఆగింది. "ఎవరు చేశారని రాయాల్సిన గడి ఉంది వదినా."

"రాయి."

"ఆయన పేరా?"

"చేయించింది ఎవరు అని రాసే గడి ఉందా?"

"లేదు."

"అయితే ఆయన పేరే రాయి."

పదిహేను రోజుల గడువు. నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు, ఉస్తోని ఎక్కించడానికి మనుషుల్ని తనే పంపిస్తానన్నాడు హమ్రో. వెళ్ళేటప్పుడు వసారా దగ్గర టోపీ పెట్టుకున్నాడు. ఎప్పుడొచ్చినా ఉస్తో చెయ్యి కళ్ళకద్దుకుని పోయేవాడు. ఆరోజు నేరుగా గుమ్మం దాటాడు.

షరోఫత్ ఆయ్నిసో ఇంటికి వెళ్ళింది. వీధి చుట్టూ తిరిగి, తలుపు తట్టి, అడిగి వెళ్ళింది. ఆయ్నిసో ఆరోజు సెలవు పెట్టి, మట్టి కలుపుతోంది. చేతులకి మోచేతులదాకా మట్టి.

"రాశాడా ఆపా? తుడిచేశాడా గీత?"

"కట్టకు, ఆయ్నిసో. ఇది కట్టకు. మళ్ళీ పడుతుంది."

నిలబడే అంతా చెప్పింది. సెప్టెంబరు, రొట్టె విరిచే వేడుక, మంచు పడకముందటి రెల్లు, గొయ్యి అంచున తను అరిచిన మాట, ఏదీ దాచలేదు. లోపల మంచమ్మీద అత్తగారు కూడా వింటోంది, దగ్గు ఆగిపోయింది.

"నీ నీళ్ళు కాదు," అంది చివర. "ఎప్పుడూ నీ నీళ్ళు కాదు."

ఆయ్నిసో తిడుతుందనుకుంది. తిడితే నిలబడి వినాలనే వచ్చింది. ఆయ్నిసో తన చేతుల వైపు చూసుకుంది. ముందువైపు చూసి, తిప్పి వెనకవైపు చూసింది.

"చంటిది నడవడం నేను చూడలేదు," అంది. "పనినుంచి వచ్చేసరికి నడుస్తోంది. అత్త చెప్పింది, ఇవాళ పొద్దున్న నాలుగడుగులు వేసిందని."

"ఆయ్నిసో..."

"మీరు వెళ్ళండి ఆపా."

షరోఫత్ వచ్చేసింది. ముంతలో సూపు వేడిచేసి, రొట్టె తుంచి నానబెట్టి, భర్త దగ్గర కూర్చుంది.  ఒక చెంచా పెట్టింది. అతను మింగాడు.

పట్టా అవతల ఇనపతొట్టి నేలమీద ఈడ్చిన చప్పుడైంది. ఆరేళ్ళనుంచి బోర్లించి ఉన్న తొట్టి. బకెట్టుతో నీళ్ళు పోసిన చప్పుడు, బట్టని బండమీద బాదుతున్న చప్పుడు. చాలాసేపు బాదింది. తర్వాత తొట్టి ఒరిగింది. నీళ్ళన్నీ ఒక్కసారిగా గోడ అడుగున పడ్డాయి. మళ్ళీ బకెట్టు. మళ్ళీ తొట్టి ఒరిగింది.

సబ్బునీళ్ళు పట్టా కిందనుంచి ఇవతలికి పారి, నురగతో, గాలిరంధ్రం వైపు మెల్లగా వస్తున్నాయి. షరోఫత్ లేవలేదు. చెంచా నింపింది.

"ఖూబ్," అన్నాడు నజ్రుల్లో.

ఏ ఖూబో ఆమెకి తెలియలేదు. చెంచా అతని నోటి దగ్గర పట్టుకుని అలాగే కూర్చుంది.